కంటికి కనబడని దాని కోసం 27 కిలోమీటర్ల యంత్రం



ఈ రోజు మనం ఒక పెద్ద యంత్రం గురించి మాట్లాడుకుందాం. అది మన ఊళ్ళో లేదు. మన దేశంలోనూ లేదు. సముద్రాలు దాటి పోతే ఐరోపా ఖండం వస్తుంది. అక్కడ స్విట్జర్లాండు, ఫ్రాన్సు అని రెండు దేశాలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండింటి సరిహద్దులో, నేల అడుగున ఉంది ఆ యంత్రం. గుండ్రంగా గాజులాగా ఉంటుంది. దాని చుట్టుకొలత 27 కిలోమీటర్లు. నడిచి చుట్టి రావాలంటే పొద్దున బయల్దేరితే సాయంత్రం అవుతుంది.

"ఎక్కడో ఉన్న యంత్రంతో మనకేం పని?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఆ యంత్రాన్ని నడిపే సంస్థకు మన దేశం ఏటా కొంత సొమ్ము కడుతోంది. అది ప్రభుత్వం సొమ్ము. ప్రభుత్వం సొమ్మంటే జనం కట్టిన పన్ను. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా మీరు పన్ను కడుతూనే ఉన్నారు. కాబట్టి ఆ యంత్రం ఏం చేస్తోంది, ఏం కనిపెట్టింది, ఎంత ఖర్చవుతోంది అని అడిగే హక్కు మీకుంది. అడగాలంటే ముందు సంగతి తెలియాలి. అందుకే ఈ ప్రసంగం.

దేన్ని వెతుకుతున్నారు?

చిన్నపిల్లలు ఏది చూసినా అడుగుతారు. "అమ్మా, ఇది దేంతో చేశారు?" అని. పెద్దవాళ్ళు విసుక్కుంటారు. కానీ ఆ పెద్ద యంత్రం కట్టిన శాస్త్రవేత్తలు అడిగేదీ ఆ ప్రశ్నే.

మీరు కట్టుకున్న నూలు చీరనే చూడండి. చీర దేంతో అయింది? పోగులతో. పోగు దేంతో అయింది? దూది పీచుతో. పీచు దేంతో అయింది? ఇక్కడికి వచ్చేసరికి కన్ను ఆగిపోతుంది. కానీ ప్రశ్న ఆగదు. పీచును ఇంకా ఇంకా చిన్నగా విడదీస్తూ పోతే పరమాణువులు వస్తాయి. చీర ఒక్కటే కాదు. తాగే నీళ్ళు, పొలంలో మన్ను, ఇనప గరిటె, మీ చెయ్యి, పసిబిడ్డ బుగ్గ, అన్నీ పరమాణువులతోనే అయ్యాయి. ఒక్క ఉప్పు రవ్వలో కోట్ల కోట్ల పరమాణువులు ఉంటాయి.

మరి పరమాణువు లోపల ఏముంది? 1911లో రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఒక సంగతి తేల్చాడు. పరమాణువు లోపల చాలావరకు ఖాళీయే. దాని బరువంతా మధ్యలో ఒక చిన్న ముద్దలో ఉంది. ఆ ముద్దను కేంద్రకం అంటారు. ఎంత చిన్నది? పరమాణువు ఒక కిలోమీటరు పొడవున్న ఊరంత ఉందనుకోండి. అప్పుడు కేంద్రకం రచ్చబండ మీద పెట్టిన శనగగింజంత ఉంటుంది. మిగతా ఊరంతా ఖాళీ. ఆ ఖాళీలో ఎలక్ట్రాన్లు అనే చిన్న కణాలు తిరుగుతుంటాయి.

కేంద్రకం లోపల ప్రోటాన్లు, న్యూట్రాన్లు అని రెండు రకాల కణాలున్నాయి. 1960ల చివరలో అమెరికాలో ఇంకో పెద్ద యంత్రంతో పరీక్షలు చేశారు. ప్రోటాను లోపల కూడా ఇంకా చిన్న కణాలున్నాయని తేలింది. వాటి పేరు క్వార్కులు. క్వార్కు లోపల ఇంకేమైనా ఉందా? ఇప్పటి దాకా ఏమీ కనబడలేదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. కాల్లో దిగిన ముల్లు చిన్నదైతే చిన్న సూదితో తీస్తాం. కణాల దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. చూడాల్సింది ఎంత చిన్నదైతే యంత్రం అంత పెద్దది కావాలి. ఎందుకంటే చిన్న కణం గుట్టు తెలియాలంటే దాన్ని చాలా వేగంగా ఢీకొట్టాలి. అంత వేగం రావాలంటే పొడవైన దారి కావాలి. అందుకే 27 కిలోమీటర్లు.

కలిసి కట్టిన సంస్థ

ఆ యంత్రం నడిపే సంస్థ పేరు సెర్న్. అది పుట్టిన కథ చెప్పుకోదగ్గది.

రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది. ఐరోపాలో ఊళ్ళకు ఊళ్ళు కాలిపోయాయి. జపాను మీద రెండు అణుబాంబులు పడ్డాయి. ఆ బాంబుల వెనక శాస్త్రవేత్తల చదువు ఉంది. అప్పుడు కొందరు ఆలోచించారు. పరమాణువును గురించిన జ్ఞానం బాంబుల కోసం కాకుండా ఉండాలి. నిన్నటి దాకా ఒకరినొకరు చంపుకున్న దేశాలు ఇకనైనా కలిసి పని చెయ్యాలి. ఇదీ వాళ్ళ ఆలోచన. 1954 సెప్టెంబరు 29న 12 దేశాలు కలిసి సెర్న్ సంస్థను పెట్టాయి. యుద్ధంలో శత్రువులుగా ఉన్న ఫ్రాన్సు, బ్రిటను, పశ్చిమ జర్మనీ ముగ్గురూ అందులో ఉన్నారు.

వాళ్ళు రెండు నియమాలు రాసుకున్నారు. ఒకటి, సైన్యం కోసం ఇక్కడ ఏ పనీ చెయ్యకూడదు. రెండు, కనిపెట్టిన సంగతి దాచుకోకూడదు. అందరికీ తెలియజెయ్యాలి.

2025 నాటికి సభ్యదేశాలు 25 అయ్యాయి. మన దేశం 2017లో అనుబంధ సభ్యదేశంగా చేరింది. వందకు పైగా దేశాల మనుషులు అక్కడ కలిసి పని చేస్తారు. అట్లాగని లోకంలో గొడవలు ఆ గుమ్మం దాకా రావని కాదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తింది. దాంతో రష్యాతో ఉన్న ఒప్పందాన్ని 2024 నవంబరుతో సెర్న్ ముగించింది.

యంత్రం ఎట్లా పని చేస్తుంది?

యంత్రం పూర్తి పేరు లార్జ్ హాడ్రాన్ కొలైడర్. కణాలను ఢీకొట్టించే పెద్ద యంత్రం అని దాని అర్థం.

ఇటువంటి యంత్రానికి చిన్న తమ్ముడు ఒకటి చాలా ఇళ్ళలో ఉండేది. అదే పాత డబ్బా టీవీ. ఆ టీవీ వెనక భాగం నుంచి ఎలక్ట్రాన్లు వేగంగా దూసుకొచ్చి ముందున్న అద్దానికి తగిలేవి. తగిలిన చోట వెలుగు వచ్చేది. ఆ వెలుగు చుక్కలే బొమ్మలయ్యేవి. సెర్న్ యంత్రం చేసేదీ కణాలను తోలడమే. కానీ ఆ వేగం వేరు, ఆ పరిమాణం వేరు.

నేల అడుగున సుమారు వంద మీటర్ల లోతున సొరంగం ఉంది. సొరంగంలో రెండు సన్నని గొట్టాలు చుట్టూ తిరిగి వస్తాయి. గొట్టాల్లో గాలి కూడా లేకుండా తీసేస్తారు. ఒక గొట్టంలో ప్రోటాన్లు ఇటు నుంచి అటు పోతాయి. రెండో గొట్టంలో అటు నుంచి ఇటు వస్తాయి. కరెంటు శక్తితో వాటి వేగం పెంచుతూ పోతారు. చివరికి అవి దాదాపు వెలుతురంత వేగంతో పోతాయి. ఒక్క సెకనులో ఆ 27 కిలోమీటర్ల దారిని 11 వేల సార్లకు పైగా చుట్టి వస్తాయి. మీరు ఒక్కసారి కనురెప్ప వేసే లోపల వెయ్యి చుట్లు దాటిపోతాయి.

అంత వేగంలో వంపు తిరగడం కష్టం. ఎడ్లబండి మలుపులో తిరగబడకుండా పగ్గం పట్టుకుంటారు గదా. ఇక్కడ పగ్గం పని అయస్కాంతాలు చేస్తాయి. వంపు తిప్పే పెద్ద అయస్కాంతాలు 1,232 ఉన్నాయి. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు. సుమారు 35 టన్నుల బరువు. వాటిని సున్నా కంటే 271 డిగ్రీలు కిందికి చల్లబరుస్తారు. సున్నా డిగ్రీల దగ్గర నీళ్ళు మంచు అవుతాయి. అంతకన్నా ఎంతో చల్లన. అంత చలిలో ఆ తీగల గుండా కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది.

ఆ బరువైన అయస్కాంతాలు దేని మీద నిలబడ్డాయో తెలుసా? మన దేశంలో తయారైన జాకీల మీద. లారీ చక్రం మార్చేటప్పుడు కింద పెట్టే జాకీ మీకు తెలుసు. ఇవి చాలా నాణ్యమైన జాకీలు. 35 టన్నుల బరువును వెంట్రుక మందం తేడా లేకుండా సర్దగలవు. అలాంటివి సుమారు 7 వేలు మన దేశం నుంచి వెళ్ళాయి.

ఒక పుకారు, ఒక ప్రమాదం

2008 సెప్టెంబరు 10న యంత్రం మొదటిసారి నడిచింది. అప్పుడు మన దేశంలో ఒక పుకారు లేచింది. "ఆ యంత్రం నడిస్తే భూమి మింగుడు పడిపోతుంది. లోకం అంతమైపోతుంది" అని కొన్ని టీవీల్లో రోజంతా చెప్పారు. జనం భయపడ్డారు. మధ్యప్రదేశ్‌లో ఒక చిన్నపిల్ల ఆ భయంతోనే ప్రాణం తీసుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి.

నిజం ఏమిటి? యంత్రం నడవక ముందే శాస్త్రవేత్తలు ఈ ప్రమాదం ఉందా అని లెక్కలు కట్టి చూశారు. ఆకాశం నుంచి భూమి మీదికి నిత్యం కణాలు పడుతూనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఆ యంత్రంలోని కణాల కంటే ఎక్కువ శక్తితో వచ్చి గాలిని ఢీకొడుతుంటాయి. కోట్ల ఏళ్ళుగా ఇది జరుగుతోంది. భూమికి ఏమీ కాలేదు. చంద్రుడికీ ఏమీ కాలేదు. ఈ మాట ముందే అచ్చయి ఉంది. కానీ భయపెట్టే వార్త వేగంగా పోతుంది. ధైర్యం చెప్పే మాట నెమ్మదిగా నడుస్తుంది. ఆ పిల్ల దగ్గరికి అది సమయానికి చేరలేదు.

లోకం అంతం కాలేదు గానీ యంత్రానికే దెబ్బ తగిలింది. మొదలుపెట్టిన తొమ్మిది రోజులకే, సెప్టెంబరు 19న, రెండు అయస్కాంతాల మధ్య ఒక కరెంటు అతుకు పాడైంది. చల్లబరిచే హీలియం వాయువు ఒక్కసారిగా బయటికి తన్నుకొచ్చింది. చాలా అయస్కాంతాలు దెబ్బతిన్నాయి. ఎవరికీ గాయాలు కాలేదు. బాగు చెయ్యడానికి ఏడాదికి పైగా పట్టింది. 2009 నవంబరులో యంత్రం మళ్ళీ నడిచింది. ఎంత పెద్ద యంత్రమైనా ఒక్క అతుకు దగ్గర ఆగిపోతుంది. కుట్టుమిషను నడిపేవాళ్ళకు ఈ మాట కొత్త కాదు.

చేట, జల్లెడ, ముగ్గు

ఇప్పుడు ఢీకొట్టడం దగ్గరికి వద్దాం. ఎదురెదురుగా వచ్చే ప్రోటాన్లను నాలుగు చోట్ల కలుపుతారు. ఆ నాలుగు చోట్లా పెద్ద పరికరాలున్నాయి. అవి యంత్రానికి కళ్ళలాంటివి. అట్లాస్ అనే పరికరం ఎనిమిది అంతస్తుల మేడంత ఎత్తు. సి.ఎం.ఎస్. అనే పరికరం బరువు 14 వేల టన్నులు.

రెండు కొబ్బరికాయలు ఢీకొడితే చిప్పలు వస్తాయి. ప్రోటాన్ల సంగతి అట్లా కాదు. ఆ వేగంలో ఉన్న శక్తి కొత్త కణాలుగా మారిపోతుంది. రెండు చింతగింజలు ఢీకొట్టుకుంటే గుమ్మడికాయ పుట్టినట్టు. నమ్మడానికి కష్టమే. కానీ శక్తి పదార్థంగా మారుతుందని ఐన్‌స్టీన్ 1905లో లెక్క కట్టి చెప్పాడు. అక్కడ అది ప్రతి సెకనూ జరుగుతోంది.

సెకనుకు వంద కోట్ల దాకా ఢీలు జరుగుతాయి. వాటిలో దాదాపు అన్నీ తెలిసిన సంగతులే. వాటిని ఊకలాగా చెరిగి పారేస్తారు. మనుషులు చెరగలేరు. కంప్యూటర్లు చెరుగుతాయి. సెకనుకు కొన్ని వేల ఢీల వివరాలు మాత్రం జల్లెడలో మిగులుతాయి. వాటిని దాచి, తీరిగ్గా చూస్తారు.

అందులో పుట్టే కొత్త కణాలు ఎంతోసేపు ఉండవు. రెప్పపాటులో వెయ్యో వంతు కూడా ఉండవు. పుట్టడం, విడిపోవడం వెంటనే జరిగిపోతుంది. మరి ఉన్నట్టు ఎట్లా తెలుస్తుంది? పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టి లోపలికి పోతారు. వచ్చి చూస్తే ముగ్గు మీద అడుగులుంటాయి. కోడిని మీరు చూడలేదు. అయినా కోడి తొక్కిందని చెబుతారు. కుక్క అడుగైతే కుక్క అంటారు. పిల్లవాడి అడుగైతే వాణ్ణి పిలిచి కోప్పడతారు. శాస్త్రవేత్తలూ అంతే. కణం పోయినా జాడ మిగులుతుంది. జాడను బట్టి ఏ కణం వచ్చి పోయిందో చెబుతారు.

48 ఏళ్ళ ఎదురుచూపు

ఈ యంత్రం కట్టిన ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి హిగ్స్ కణాన్ని వెతకడం.

కణాలకు ద్రవ్యరాశి ఎక్కడి నుంచి వచ్చింది? ఇది పాత ప్రశ్న. ద్రవ్యరాశి అంటే తేలిక మాటల్లో వస్తువును కదిలించడానికి ఎంత కష్టమో ఆ లెక్క. 1964లో పీటర్ హిగ్స్ అనే ఆయన, మరికొందరు శాస్త్రవేత్తలు ఒక ఆలోచన చెప్పారు. లోకమంతా కంటికి కనబడని ఒక క్షేత్రం పరుచుకుని ఉంది. కొన్ని కణాలు దానికి పట్టుబడతాయి. కొన్ని పట్టుబడవు.

నాట్లకు దమ్ము చేసిన మడి తలచుకోండి. బురదలో దిగిన మనిషికి అడుగు తీసి అడుగు వెయ్యడం కష్టం. పైన ఎగిరే కొంగకు బురద సంగతే తెలియదు. ఎలక్ట్రాను, క్వార్కు బురదలో దిగిన మనుషుల్లాంటివి. వెలుతురు కణం కొంగలాంటిది. ఈ పోలిక పూర్తిగా సరిపోదు. బురద మనిషిని ఆపేస్తుంది. ఆ క్షేత్రం ఆపదు, వేగం మార్చడాన్ని మాత్రం కష్టం చేస్తుంది. ఎలక్ట్రానుకు ఈ ద్రవ్యరాశి లేకపోతే పరమాణువు నిలబడదు. పరమాణువు లేకపోతే నీళ్ళు లేవు, మన్ను లేదు, మనమూ లేము.

ఆ క్షేత్రం నిజంగా ఉంటే, గట్టిగా కుదిపినప్పుడు అందులోంచి ఒక కణం రావాలి. అదే హిగ్స్ కణం. ప్రోటాను కంటే సుమారు 130 రెట్లు బరువైనది. వంద కోట్ల ఢీలకు ఒక్కసారి పుట్టడం కూడా గగనమే.

2012 జూలై 4న సెర్న్‌లో సభ జరిగింది. వేలమంది పని చేసిన రెండు జట్లు, అట్లాస్, సి.ఎం.ఎస్., విడివిడిగా వెతికి ఒకే జవాబు తెచ్చాయి. కణం దొరికింది. అట్లాస్ జట్టు తరఫున ఆ మాట చెప్పింది ఫాబియోలా జనోటీ అనే ఇటలీ శాస్త్రవేత్త. తర్వాత 2016 నుంచి 2025 చివరి దాకా సెర్న్ సంస్థను నడిపింది ఆమే. ఆ పదవిలో కూర్చున్న మొదటి మహిళ.

ఆ సభలో పీటర్ హిగ్స్ కూడా ఉన్నారు. చెప్పినప్పుడు ఆయన వయసు 35. దొరికేసరికి 83. ఆ మాట విని కళ్ళు తుడుచుకున్నారు. 2013లో ఆయనకూ, ఫ్రాన్స్వా ఆంగ్లేర్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. హిగ్స్ 2024లో చనిపోయారు.

ఈ కణాన్ని పత్రికల్లో "దైవకణం" అని రాశారు. ఆ పేరు ఒక పుస్తకం అట్ట మీద నుంచి వచ్చింది. దేవుడికీ, ఆ కణానికీ సంబంధం లేదు. దాని అసలు పేరు హిగ్స్ బోసాన్. బోసాన్ అనే మాటలో మన దేశపు మనిషి ఉన్నాడు. కలకత్తాలో పుట్టిన సత్యేంద్రనాథ్ బోస్ పేరు మీద ఒక జాతి కణాలకు ఆ పేరు పెట్టారు.

మన దేశంలోనూ వెతికారు

ఇంత పెద్ద యంత్రాలు రాక ముందు కణాలను ఎట్లా పట్టేవారు? ఆకాశం నుంచి పడే కణాల కోసం కొండల మీద ఫొటో పలకలు పెట్టేవారు. కణం తగిలిన చోట పలక మీద గీత పడేది.

బిభా చౌధురి అనే బెంగాలీ యువతి ఆ పని చేసింది. ఆమె 1913లో పుట్టారు. ఆడపిల్లలు భౌతిక శాస్త్రం చదవడమే అరుదైన కాలం అది. ఆచార్య డి.ఎం. బోస్‌తో కలిసి ఆమె డార్జిలింగ్ వైపు కొండల మీద పలకలు పెట్టి, పడిన గీతలను పరీక్షించారు. కొత్త కణాల జాడలు కనబడ్డాయి. ఆ సంగతి విదేశీ పత్రికలో అచ్చు వేయించారు. కానీ అది యుద్ధకాలం. మంచి రకం పలకలు మన దేశానికి దొరకలేదు. పని అక్కడ ఆగింది. తర్వాత ఇంగ్లండులో సెసిల్ పావెల్ అదే పద్ధతిలో, మెరుగైన పలకలతో 1947లో ఆ పని సాధించారు. 1950లో నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది. బిభా చౌధురి 1991లో చనిపోయారు. బతికి ఉండగా ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ. 2019లో ఒక నక్షత్రానికి బిభా అని పేరు పెట్టారు.

ఇంకో చోటు మనకు దగ్గరే. చిత్తూరు జిల్లా అవతల, కర్ణాటకలో కోలారు బంగారు గనులున్నాయి. అక్కడ పని చేసిన కార్మికుల్లో తెలుగువాళ్ళు, తమిళులు ఎందరో ఉన్నారు. ఆ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున మన శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టారు. జపాను, ఇంగ్లండు శాస్త్రవేత్తలు తోడయ్యారు. న్యూట్రినో అనే కణం ఉంది. అది మట్టినీ, రాయినీ దాటుకుని పోతుంది. దాని జాడ పట్టడం మహా కష్టం. 1965లో, గాలి పొరల్లో పుట్టిన న్యూట్రినోల జాడను ఆ గనిలో పట్టారు. ప్రపంచంలో ఆ పని మొదట చేసిన చోట్లలో అదొకటి. బంగారు గని 2001లో మూతపడింది.

దొరకనివి ఏవి?

దొరికినవే చెప్పి ఊరుకుంటే సగం మాటే అవుతుంది. దొరకనివీ చెప్పాలి.

ఆకాశంలో నక్షత్రాల గుంపులు తిరిగే తీరు చూస్తే, కనబడని పదార్థం ఏదో చాలా ఉందని తెలుస్తుంది. అమెరికాలో వేరా రూబిన్ అనే మహిళా శాస్త్రవేత్త 1970లలో దీనికి గట్టి ఆధారాలు చూపించింది. మనకు తెలిసిన పదార్థం ఒక పాలుంటే, ఈ కనబడనిది ఐదు పాళ్ళు ఉంది. దీన్ని కృష్ణ పదార్థం అంటారు. అది దేంతో అయింది? సెర్న్ యంత్రంలో పుడుతుందేమోనని వెతికారు. ఇప్పటి దాకా దొరకలేదు.

ఇంకో ప్రశ్న. పదార్థానికి ఎదురు జోడీ ఒకటుంది. దాన్ని ప్రతిపదార్థం అంటారు. రెండూ కలిస్తే రెండూ మాయమై శక్తిగా మారతాయి. లోకం పుట్టినప్పుడు రెండూ సమానంగా పుట్టి ఉండాలి. మరి పదార్థం ఎట్లా మిగిలింది? రెండింటి నడతలో చిన్న తేడాలున్నాయని యంత్రం చూపిస్తోంది. 2025లో ప్రోటాను జాతి కణాల్లో కూడా అటువంటి తేడా కనబడిందని చెప్పారు. కానీ ఆ కొద్ది తేడా చాలదు. జవాబు ఇంకా పూర్తి కాలేదు.

క్వార్కులు రకరకాలుగా కలిసి ఏర్పడే కణాలు 80 దాకా కొత్తవి ఈ యంత్రంలో దొరికాయి. కానీ హిగ్స్ కణం తర్వాత అంత మూలమైన కొత్త కణం ఏదీ దొరకలేదు. దొరుకుతాయని ఆశపడిన శాస్త్రవేత్తలు చాలామంది నిరాశపడ్డారు. "ఇక్కడ లేదు" అని తెలియడం కూడా ఒక తెలివే. ఇల్లంతా వెతికాక, తాళంచెవి ఇంట్లో లేదని తెలుస్తుంది. అప్పుడే బయట వెతకాలని తోస్తుంది.

ఇంత ఖర్చు ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్న. లోకంలో ఆకలి ఉంది. మందులు లేని ఆసుపత్రులున్నాయి. అటువంటప్పుడు ఇంత ఖర్చు ఎందుకు?

ముందు లెక్క చూద్దాం. సెర్న్ ఏడాది ఖర్చు 120 కోట్ల స్విస్ ఫ్రాంకులకు పైగా ఉంటుంది. ఒక ఫ్రాంకు వంద రూపాయల పైమాటే. యంత్రాలు నడిచే ఏడాది సుమారు 130 కోట్ల యూనిట్ల కరెంటు కాలుతుంది. నెలకు 100 యూనిట్లు వాడే ఇళ్ళు పది లక్షలకు ఏడాది పొడవునా సరిపోయే కరెంటు అది. 2022 చలికాలంలో ఐరోపాలో కరెంటు కొరత వచ్చింది. అప్పుడు యంత్రాన్ని రెండు వారాలు ముందుగానే ఆపేశారు.

ఈ ఖర్చు వల్ల ఏం వచ్చింది? ఒక మేలు చాలామంది చేతుల్లో ఉంది. పిల్లల పరీక్ష ఫలితాలు ఫోనులో చూస్తారు గదా. ఆ వెబ్ అనే పద్ధతిని 1989లో సెర్న్‌లో పని చేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ ఆలోచించాడు. దూరాన ఉన్న శాస్త్రవేత్తలు కాగితాలు పంచుకోవడానికి అది పుట్టింది. 1993లో సెర్న్ దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేసింది. దాచుకోకూడదనే నియమం గుర్తుంది గదా.

ఇంకో మేలు ఆసుపత్రుల్లో ఉంది. క్యాన్సర్ వచ్చినవాళ్ళకు "కరెంటు పెట్టారు" అంటారు. ఆ కరెంటు పెట్టే యంత్రాల్లో చాలావరకు ఎలక్ట్రాన్లను వేగంగా తోలే చిన్న యంత్రాలే. కణాల శాస్త్రం నుంచి పుట్టినవే. అది సెర్న్ ఒక్కటే చేసిన పని కాదు. అనేక దేశాల్లో చాలా ఏళ్ళ పాటు జరిగిన పని.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. హిగ్స్ కణం వల్ల ఇప్పటికి ఏ పొయ్యీ వెలగలేదు. రేపు వెలుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఎలక్ట్రానును 1897లో కనుగొన్నారు. దాంతో రేడియో, టీవీ, ఫోను వస్తాయని ఆనాడు ఎవరికీ తెలియదు. ప్రతి కణం కథా అట్లాగే నడుస్తుందన్న హామీ కూడా లేదు.

అమెరికా ఒకసారి మధ్యలో చాలించింది. టెక్సాస్ రాష్ట్రంలో 87 కిలోమీటర్ల యంత్రం మొదలుపెట్టారు. ఖర్చు పెరుగుతూ పోయింది. 1993లో అక్కడి పార్లమెంటు ఆపేసింది. అప్పటికే సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. 20 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు. ఆ సొరంగం ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆపడం సరైందని కొందరన్నారు. సగంలో ఆపడమే అసలు నష్టమని కొందరన్నారు.

ముందున్న నిర్ణయం

సెర్న్ యంత్రానికి పెద్ద మరమ్మతు చేసి, ఇప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఢీలు జరిగేలా మార్చాలని అనుకున్నారు. ఆ కొత్త రూపంలో 2030లో మొదలుపెట్టాలని ప్రణాళిక. 2040ల మొదలు దాకా అది నడుస్తుంది.

ఆ తర్వాత? 91 కిలోమీటర్ల చుట్టుకొలతతో ఇంకా పెద్ద యంత్రం కట్టాలని ఒక ఆలోచన ఉంది. దాని మీద నివేదిక 2025 మార్చిలో వచ్చింది. మొదటి దశకు 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు కావాలని అంచనా. మన లెక్కలో లక్షన్నర కోట్ల రూపాయల పైమాటే. ఖర్చు పన్నెండేళ్ళ మీద పరుచుకుంటుంది. కట్టాలా వద్దా అని సభ్యదేశాలు 2028 ప్రాంతంలో తేల్చుకోవాలి. శాస్త్రవేత్తల్లోనే అందరిదీ ఒకే మాట కాదు. కట్టాల్సిందే అనేవాళ్ళున్నారు. ఆ సొమ్ముతో చిన్న చిన్న పరిశోధనలు చాలా చెయ్యవచ్చు అనేవాళ్ళున్నారు. సొరంగం వెళ్ళే దారిలో ఉన్న ఊళ్ళవాళ్ళు తమ పొలాల గురించి, నీళ్ళ గురించి అడుగుతున్నారు. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారని అడుగుతున్నారు. అక్కడ అడిగేవాళ్ళలో రైతులున్నారు, గృహిణులున్నారు. వాళ్ళెవరూ శాస్త్రవేత్తలు కారు. అయినా సభల్లో కూర్చుని అడుగుతున్నారు.

అమ్మలారా, అక్కలారా! ఈ ప్రసంగం చదివాక నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. లోకం దేంతో అయిందో తెలుసుకోవడానికి ఒక దేశం ఎంత ఖర్చు పెట్టవచ్చు? ఆ మాట ఎవరు తేల్చాలి? కనిపెట్టిన సంగతిని జనానికి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత ఎవరిది? టీవీలో భయపెట్టే వార్త వస్తే, నిజమేదో ఎక్కడ చదివి తెలుసుకోవాలి? ఒక్కొక్కరు ఒక్కొక్క జవాబు చెబుతారు. ఎవరి జవాబు వాళ్ళు సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. వచ్చే వారం కేంద్రానికి తీసుకురండి. అందరివీ చదువుకుందాం.